తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు

సంచి అడుగున దుప్పటి పెట్టి, దాని మీద రెండు చొక్కాలు పరిచి, చొక్కాల మధ్య బీపీ మాత్రల పెట్టె దూర్చిన అచ్చాయమ్మ, మళ్ళీ అన్నీ బయటికి తీసింది. దుప్పటి అడుగున ఉంటే అవసరానికి దొరకదని ఆవిడ భయం. ఈసారి మాత్రలు అడుగున పడ్డాయి. మళ్ళీ తీసింది.

వసారాలో పీట మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్న సత్తిరాజు చేతి అద్దంలోంచి ఇదంతా చూస్తున్నాడు.

"సాయంత్రం బస్సుకి వచ్చేసేవాడికి దుప్పటెందుకే?"

"ఉంచేస్తేనో?"

"ఎవరు ఉంచేస్తారు?"

"రాజమండ్రి ఆఫీసువాళ్ళు. తప్పు కొలిచానని మీ నోటితో మీరే చెప్తానంటున్నారుగా. జైల్లో దోమలుంటాయంట."

"జైల్లో ఎందుకేస్తారే పిచ్చిదానా. మహా అయితే మెమో ఇస్తారు."

"మెమో ఇస్తే ఎన్ని రోజులుంచుతారండీ?"

నురగ నోట్లోకి పోయేంతగా నవ్వాడు సత్తిరాజు. అచ్చాయమ్మ నవ్వలేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన వేరే ఊళ్ళో పడుకున్నవి ఆరే ఆరు రాత్రులు. నాలుగు ఎన్నికల డ్యూటీలు, రెండు చావులు. ఆ ఆరింటి తారీఖులూ ఆవిడకు నోటికి వచ్చు. మనిషి గుమ్మం దాటాక మళ్ళీ ఆ గుమ్మంలో కనపడేదాకా ఆవిడ చేతికి పని అంటదు. మాత్రల పెట్టెని చివరికి సంచి పక్క జేబులో పెట్టి, జేబు గుండీ రెండుసార్లు లాగి చూసింది.

సత్తిరాజు లాకులపేట పురపాలక సంఘంలో చైన్‌మ్యాన్. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో టేపు పట్టుకునే మనిషి. వీధి కొలవాలన్నా, కట్టబోయే ఇంటి స్థలం కొలవాలన్నా ఒక కొస ఆయన పట్టుకుంటాడు. ఇంకో కొసన అధికారి నిలబడి అంకె చదివి రాసుకుంటాడు. సన్నటి మనిషి. టేపు చుట్ట ముప్ఫై అయిదేళ్ళుగా ఒకే భుజానికి వేలాడబట్టి కుడిభుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది. టేపు చివరి ఇనుప ఉంగరం ఒత్తుకుని బొటనవేలి మీద కాయ కాసింది. ఎండకు వాన కలిసి ముఖం చింతపండు రంగుకు తిరిగింది కానీ, చొక్కా గుండీలు విప్పితే ఛాతీ మాత్రం ఇంకా తెల్లగా ఉంటుంది. ఆయన అడుగు రెండుంబావు అడుగులు. నిద్రలో నడిచినా అంతే. ఊళ్ళో ఏ వీధి పొడవెంతో అధికారులు టేపు విప్పకముందే ఆయన నడిచి చెప్పేసేవాడు. తర్వాత టేపు అదే చెప్పేది.

"ఊరంతా కొలిచారు, మనకి మాత్రం ఓ జానెడు లేదు" అని అచ్చాయమ్మ అప్పుడప్పుడూ దెప్పుతుంది. లాకుల దగ్గర వాళ్ళది రెండు గదుల అద్దె ఇల్లు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరయ్యాక వచ్చేదానితో ఏదో ఒక కొంప చూసుకోవచ్చని ఇద్దరి ఆశ.

ఇప్పుడు ఆ ఆశకే ఎసరు పెట్టుకుని బయల్దేరుతున్నాడాయన. అచ్చాయమ్మకు ఆ సంగతి తెలుసు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. పెరుగన్నం డబ్బా మూత బిగించి, నిమ్మకాయ ఊరగాయ ముక్క వేరే కాగితంలో చుట్టి, సంచి చేతికిచ్చింది.

"గాజుల వీధి చిన్నమ్మాయి గారు ఏమన్నా అంటే మీరు తిరిగి అనకండి. పెద్దావిడ."

"నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. అందుకే చెప్తున్నాను, ఇవాళ కూడా అనకండి."

గాజుల వీధి మొదట్లో హారతి స్కూటర్ దిగి నిలబడి ఉంది. ఆ అమ్మాయి వార్డు ప్లానింగ్ కార్యదర్శి. పాతికేళ్ళు. చేతిలో టాబ్, భుజాన బ్యాగు, ముఖాన నిద్ర చాలని కళ్ళు. వీధిలోకి స్కూటర్ తేకూడదని ఆ పిల్ల తనంతట తానే పెట్టుకున్న నియమం.

"బాబాయ్ గారూ, ఇంకోసారి ఆలోచించుకున్నారా?" అంది.

"ఆలోచించడం అయిపోయిందమ్మా. కొలవడమే మిగిలింది."

గాజుల వీధి వంకర టింకరగా నాలుగు వందల గజాలుంటుంది. నలభై ఒక్క ఇళ్ళు. ప్రతి ఇంటికీ అరుగు, సగం అరుగుల మీద ఏదో ఒక కొట్టు. గాజులు అమ్మేవి ఇప్పుడు రెండే మిగిలాయి. తక్కినవాటిలో కుట్టుమిషను ఒకటి, పసుపు కుంకాల కొట్టు ఒకటి, సెల్‌ఫోను బాగుచేసేది ఒకటి, చిన్నమ్మాయి గారి ఇడ్లీ పొయ్యి ఒకటి. కార్లు పట్టవు. పిల్లలు నడిరోడ్డు మీద గోలీలాడుకుంటూ బడికి పోతారు. చిన్నమ్మాయి గారి అరుగు నుంచి పాలకేంద్రం నలభై అడుగులు, కూరల బండి అరవై, మందుల కొట్టు నూట పది, బడి రెండు వందల పది. అన్నీ సత్తిరాజు నడిచి లెక్కపెట్టినవే.

ఇదంతా నిన్నమొన్నటిదాకా నేరం. పాత మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధి నివాస ప్రాంతం. ఇంటి కింద కొట్టు పెట్టకూడదు. ఏడాదికొకసారి ఆఫీసు నోటీసులు అచ్చువేసేది, సత్తిరాజు మైదా జిగురు డబ్బాతో వచ్చి తలుపుల మీద అంటించేవాడు. అంటిస్తున్నంతసేపూ ఆ ఇంటివాళ్ళు ఆయనకు కాఫీ ఇచ్చేవారు. సాయంత్రానికి చిన్నమ్మాయి గారు తన నోటీసు ఊడదీసి పొయ్యిలో పెట్టేది. మళ్ళీ ఏడాది మళ్ళీ నోటీసు, మళ్ళీ కాఫీ.

రెండు నెలల కిందట కొత్త ముసాయిదా వచ్చింది. హారతి దాన్ని నవల చదివినట్టు చదివి, ఆఫీసులో అందరికీ చెప్పింది. ఇంటి కింద కొట్టు పెట్టుకోవచ్చు. పాలకీ కూరలకీ బండి తియ్యక్కర్లేకుండా అన్నీ నడిచేంత దూరంలో ఉండాలి. పన్నెండు అడుగులకన్నా సన్నటి పాత వీధుల్ని 'నడక వీధులు' అని రాసేసి, అరుగులతో సహా అలాగే ఉంచాలి, మురుగు కాలువల మీద పలకలు వేసి నడవడానికి ఇవ్వాలి. పన్నెండు దాటిన వీధుల్ని మాత్రం ముప్ఫై అడుగులకు వెడల్పు చెయ్యాలి.

"మన గాజుల వీధి గురించి రాసినట్టే ఉంది బాబాయ్ గారూ!" అని ఆ పిల్ల గంతులేసింది. మర్నాడు అనుబంధంలో జాబితా చూసింది. గాజుల వీధి నడక వీధుల్లో లేదు. వెడల్పు చేసే వీధుల్లో ఉంది. ఎదురుగా అంకె: పన్నెండు అడుగుల ఆరు అంగుళాలు.

"ఇదెక్కడి కొలత బాబాయ్ గారూ?" అని హారతి అడిగినప్పుడు సత్తిరాజు భుజాన ఉన్న టేపు చుట్ట సర్దుకున్నాడు. అది ఆయన కొలతే.

తొంభై ఆరు నవంబరు గాలివానకు ఆ వీధిలో సగం పెంకుటిళ్ళు బోడిగా మిగిలాయి. చిన్నమ్మాయి గారికి అప్పటికి భర్త పోయి రెండేళ్ళు. కప్పు లేని ఇంట్లో బియ్యం గోనె మీద తాటాకు కప్పి, తను తడుస్తూ కూర్చుంది. శ్లాబు వేసుకోవడానికి లోను రావాలంటే ప్లాను మంజూరు కావాలి. ప్లాను మంజూరు కావాలంటే వీధి పన్నెండు అడుగులుండాలి. వీధి మొత్తానికి ఇరుకు సరిగ్గా ఆవిడ ఇంటి ముందు మలుపులోనే. ఎదురుగా మిల్లువాళ్ళ గోడౌను గోడ, ఇటు ఆవిడ అరుగు. అరుగు ఆవిడ దస్తావేజులో ఉన్న సొంత స్థలం. కాబట్టి కొలత అరుగు అంచు నుంచి మొదలవ్వాలి. సూపర్‌వైజరు గొడుగు కింద గోడౌను వైపు నిలబడి, "పట్టుకున్నావా?" అని కేకేశాడు. సత్తిరాజు ఉంగరాన్ని అరుగు అంచున పెట్టలేదు. అరుగు దాటించి ఇంటి గోడకు ఆనించాడు. "పట్టుకున్నానండీ" అన్నాడు. అటువైపు అంకె పన్నెండున్నర వచ్చింది. అబద్ధం నోటితో ఆడలేదు, బొటనవేలితో ఆడాడు.

ఆ ఒక్క అంకె మీద ఆ వీధిలో పంతొమ్మిది ఇళ్ళకు కప్పులు లేచాయి. ఇప్పుడు అదే అంకె ఆ కప్పుల్ని కూల్చడానికి వచ్చింది. ముప్ఫై అడుగుల లెక్కన సర్వేవాళ్ళు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. చిన్నమ్మాయి గారి గుర్తు వంటగది గోడ మీద పడింది.

"రావయ్యా సత్తిరాజూ, రా" అంది చిన్నమ్మాయి ఇడ్లీ పాత్ర మూత తీస్తూ. ఆవిరి వెనక డెబ్బై ఆరేళ్ళ ముఖం, రెండు పెద్ద ముక్కుపుడకలు. "ఇవాళ ఏం అంటిస్తావు? నా పొయ్యి వెలుగుతూనే ఉంది."

పక్క అరుగు మీద కుట్టుమిషను తొక్కుతున్న గణేష్‌బాబు తల ఎత్తాడు. "గుర్తు ప్రకారం నా మిషను నడిరోడ్డు మీదకి వస్తుందండీ. ఎడమ కాలు తొక్కితే జాకెట్టు, కుడికాలు తొక్కితే లారీ."

వీధిలో నలుగురు నవ్వారు. సత్తిరాజుకు నవ్వు రాలేదు. సంచి అరుగు మీద పెట్టి, చిన్నమ్మాయి ఎదురుగా నిలబడ్డాడు.

"పిన్నిగారూ, గాలివాన ఏడాది మీ ఇంటి ముందు నేను కొలిచింది తప్పండి. కావాలనే తప్పు కొలిచాను. వీధి పన్నెండు లేదు. ఆ అంకె వల్లే ఇప్పుడు మీకీ ఎర్ర గుర్తు."

చిన్నమ్మాయి గరిటె ఆగిపోయింది. గణేష్‌బాబు మిషను ఆగింది.

"మరి నా ప్లాను?"

"ప్లాను తప్పేనండి."

"ఇల్లు?"

"ఇల్లు మీ స్థలంలోనే ఉందండి. దానికేం కాదు. ఇవాళ సాయంత్రం అయిదింటితో అభ్యంతరాల గడువు అయిపోతుంది. సరైన కొలత తీసుకుని రాజమండ్రి వెళ్ళి నేనే చెప్పేస్తాను. అప్పుడు మీ వీధి నడక వీధుల్లోకి వెళ్తుంది."

"నిన్నేం చేస్తారు?"

"ఏముందండి. కాయితాలు."

చిన్నమ్మాయి గరిటె మళ్ళీ కదిపింది.

"ఇరవై తొమ్మిదేళ్ళు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నావన్నమాట. నేను నీకు ప్రతి ఏడాదీ కాఫీలు పోశాను కదయ్యా, ఒక్క కాఫీకన్నా చెప్పాల్సింది. ఏదీ, కొలువు మరి. నేను కూడా చూస్తాను."

సత్తిరాజు వంగి ఇనుప ఉంగరాన్ని అరుగు అంచున పెట్టి బొటనవేలితో నొక్కాడు. గచ్చు అక్కడ అరిగి గుండ్రంగా ఉంది. హారతి టేపు లాక్కుంటూ గోడౌను గోడ దాకా వెళ్ళింది.

"తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు" అంది.

"మళ్ళీ చూడమ్మా."

"తొమ్మిది ఎనిమిదే బాబాయ్ గారూ."

"టేపు వేలాడుతోందేమో బిగించి చూడు."

మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అంతే. హారతి టేపుతో సహా ఫొటో తీసుకుంది. ఆ ఫొటోలో గరిటె పట్టుకున్న చిన్నమ్మాయి కూడా పడింది.

పైకి లేవబోయి సత్తిరాజు అరుగు పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పొద్దున ఏడున్నర, మబ్బు పట్టి చల్లగా ఉంది. కూర్చుని చొక్కాలోకి ఊదుకున్నాడు.

"ఏంటి బాబాయ్ గారూ?"

"ఏం లేదమ్మా. గ్యాసు."

"గ్యాసు కాదు, తిండి లేక" అంది చిన్నమ్మాయి. నాలుగు ఇడ్లీలు ఆకులో పెట్టి ఒళ్ళో పెట్టింది. తినేదాకా పక్కనుంచి కదల్లేదు. ఆయన లేచి వెళ్తుంటే వెనకనుంచి అంది: "అప్పుడు అబద్ధమాడి కట్టించావు, ఇప్పుడు నిజం చెప్పి నిలబెడతానంటావు. రెండూ నువ్వే చెయ్యాలా? ఊళ్ళో ఇంకో మగాడు లేడా?"

ఆ మాటలో తిట్టెంతో, దీవెనెంతో సత్తిరాజుకు తేలలేదు. మలుపు తిరిగేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆఫీసులో టౌన్ ప్లానింగ్ అధికారి జగన్నాథరావు పాత ఫీల్డు రిజిస్టరు బీరువాలోంచి తీయించి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. ఎవరి జోలికీ పోడు, ఎవర్నీ తన జోలికి రానివ్వడు.

"కూర్చో సత్తిరాజూ."

సత్తిరాజు కూర్చోలేదు. ఈ గదిలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

"కూర్చోమంటున్నాను కదా."

కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రిజిస్టరులో అంకె ఉంది. పక్కన సూపర్‌వైజరు సంతకం ఉంది. ఆయన పోయి పదేళ్ళయింది. నీ పేరు ఎక్కడా లేదు. నువ్వు నోరు విప్పకపోతే ఎవడికీ తెలియదు. ఎనిమిది నెలల్లో దండ వేసి పంపిస్తాం."

"హారతి కొత్త కొలత పంపితే సరిపోదాండీ?"

"సరిపోదు. ఇప్పుడు వీధివాళ్ళ కోసం తగ్గించి కొలిచారంటారు. రెండు కొలతల్లో ఏది నిజమో చెప్పాల్సింది అప్పుడు టేపు పట్టుకున్నవాడే. అది నువ్వొక్కడివే. చెప్తే పెన్షన్ కాయితాలు ఆగుతాయి. ఎన్నాళ్ళు ఆగుతాయో నేను చెప్పలేను."

"తెలుసండి."

"మీ ఆవిడకి తెలుసా?"

"దుప్పటి కూడా పెట్టిందండి."

జగన్నాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రిజిస్టరు పేజీ జిరాక్సు మీద, హారతి కొలత మీద ముద్రలు వేసి, పైకి పంపే లేఖ మీద సంతకం పెట్టాడు. కాయితాలు కవరులో పెట్టి, కవరు అంటించి, అంటించిన చోట అరచేత్తో చాలాసేపు రుద్దాడు.

"నేను పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను" అన్నాడు. "ఆ వీధికి ఒక్కసారి కూడా నడిచి వెళ్ళలేదయ్యా. కారు పట్టదని."

తొమ్మిదిన్నర బస్సు కాలవగట్టు వెంట పోయింది. చేలల్లో నాట్లు పడుతున్నాయి. కిటికీ పక్కన కూర్చుని సత్తిరాజు ఒడిలో సంచి, సంచి మీద కవరు, కవరు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కడియం దగ్గర నర్సరీల మొక్కలు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాయి. ధవళేశ్వరం దాటేటప్పుడు గోదావరి కనపడింది. ఎర్రనీళ్ళు వచ్చేశాయి. బస్సులో ఆడవాళ్ళు కొందరు దణ్ణం పెట్టుకున్నారు. ఆయన కూడా పెట్టుకుందామనుకున్నాడు కానీ కవరు మీద చెయ్యి తియ్యడం ఇష్టం లేకపోయింది.

చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటూ పోయాడు. అయ్యా అనాలో అమ్మా అనాలో తెలియదు, అక్కడ ఎవరుంటారో. 'నేను పొరపాటున' అని మొదలెడదామని కాసేపు అనిపించింది. పొరపాటంటే సగం శిక్ష తగ్గుతుంది. కడియం నుంచి ధవళేశ్వరం దాకా ఆ మాట ఆయనతోనే ప్రయాణం చేసింది. రాజమండ్రిలో దిగేసరికి దాన్ని బస్సులోనే వదిలేశాడు. పొరపాటన్నవాడు ఈసారి కూడా పొరపడి ఉంటాడని అనుకోవచ్చు కదా.

ప్రాంతీయ కార్యాలయం వెడల్పాటి రోడ్డుకు అవతల ఉంది. సత్తిరాజు ఇవతల పావుగంట నిలబడ్డాడు. ఆటోలు, లారీలు, మోటారుసైకిళ్ళు తెరిపి ఇవ్వలేదు. పక్కన ఒక ముసలాయన మందుల సంచీతో ఆయనకన్నా ముందునుంచి నిలబడి ఉన్నాడు.

"ఈ రోడ్డు ఎంత వెడల్పుంటుందండీ?" అని ఆయనే అడిగాడు, ఊరికే.

"దాటాక చెప్తానండి" అన్నాడు సత్తిరాజు.

ముసలాయన మోచెయ్యి పట్టుకుని దాటించాడు. ముప్ఫై ఆరు అడుగులు వేశాడు. "ఎనభై ఒకటండి" అన్నాడు అవతల గట్టెక్కాక, రొప్పుతూ. ముసలాయన ఎంతో సంతోషించాడు, ఆ లెక్క తన సొంతమైనట్టు.

లోపల చాలామంది ఉన్నారు. ఆఖరి రోజు కదా. చీటీ మీద నంబరిచ్చారు: నలభై ఏడు. వరండాలో బెంచీ చివర చోటు దొరికింది. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాడు. డబ్బా కడిగి, తుడిచి, సంచిలో పెట్టాడు. నాలుగింటికి పిలుపు వచ్చింది.

గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పి పక్కగా జత కలిపి పెట్టాడు. ఎవరూ విప్పమనలేదు. తక్కినవాళ్ళంతా బూట్లతోనే వెళ్ళి వస్తున్నారు. పెద్ద అధికారి గదిలోకి చెప్పులతో వెళ్ళడం ఆయనకు చేతకాదు.

బల్ల వెనక ఒక స్త్రీ కూర్చుని ఉంది. నలభై లోపు వయసు. ముందు చెక్క పలక మీద పేరు: సాయిసుధ. కాయితాలన్నీ చదివింది. ఫొటో చూసి, "ఈ గరిటె ఎవరిది?" అని అడిగింది.

"ఆ ఇంటావిడదండి. చిన్నమ్మాయి గారు. ఇడ్లీ వేస్తారు."

"తొంభై ఆరులో టేపు మీరే పట్టుకున్నారా?"

"నేనేనండి."

"పొరపాటు జరిగిందా?"

ఆ మాట ఆవిడే అందించింది. సత్తిరాజు దాని వంక కాసేపు చూసినట్టు బల్ల మీదికి చూశాడు.

"లేదండి. తెలిసే పెట్టాను. అరుగు దాటించి గోడకి పెట్టాను."

"ఎందుకు?"

బస్సులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"వానండి" అన్నాడు. "ఆవిడ ఇంటి మీద కప్పు లేదండి."

సాయిసుధ కలం పక్కన పెట్టి, ఆయనకు అర్థమవ్వాలని ఒక్కొక్క మాటే చెప్పింది. ఆయన చెప్పింది రాసుకుంటారు. ఆయన సంతకం పెడితే గాజుల వీధి కొలత సరిచేసి నడక వీధుల జాబితాలోకి మారుస్తారు. ఆ కాయితం నకలు పైకి వెళ్తుంది. సంజాయిషీ అడుగుతారు. రిటైర్మెంటు కాయితాలు ఆగవచ్చు. సంతకం పెట్టకుండా వెళ్ళిపోతే తను ఏమీ విననట్టే ఉంటుంది.

"ఏమంటారు?"

"ఎక్కడ పెట్టాలండి?"

చూపించింది. ఆయన సంతకం చిన్నపిల్లల రాతలా విడివిడి అక్షరాలతో ఉంటుంది. ఒక్కో అక్షరం రాసి, చివర చుక్క పెట్టాడు. సాయిసుధ ఎర్రకలంతో పన్నెండు ఆరు కొట్టేసి, పైన తొమ్మిది ఎనిమిది అని రాసింది. పక్కన 'నడక వీధి' అని రాసి పొట్టి సంతకం చేసింది. అంతా కలిపి అరనిమిషం పట్టలేదు.

"ఇంకేమన్నా ఉందా?"

"జాబితాలో ఎక్కినట్టు నాకొక కాయితం ఇస్తారాండీ? వీధివాళ్ళు నమ్మరండి. చిన్నమ్మాయి గారైతే ముద్ర లేకపోతే అసలే నమ్మరు. మేం ఇన్నేళ్ళూ ఇచ్చిన కాయితాలు అలాంటివండి."

ఆవిడకు నవ్వు వచ్చింది. ముద్ర వేయించి నకలు ఇప్పిస్తానని, బయట కూర్చోమని చెప్పింది. కంప్యూటరు గదిలో రద్దీగా ఉంది, గంట పట్టవచ్చంది.

సత్తిరాజు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. బయటికి వచ్చి, ఎవరైనా తన చోటు ఆక్రమించుకుంటారేమోనని గబగబా బెంచీ దగ్గరికే పోయాడు. నేల చల్లగా ఉంది. గోడకు వీపు ఆనించి ఫోను తీశాడు.

ఒక్క రింగుకే ఎత్తింది అచ్చాయమ్మ.

"అయిపోయింది" అన్నాడు.

"అన్నం తిన్నారా?"

"తిన్నాను. సంతకం పెట్టేశాను. ఆరింటి బస్సుకి బయల్దేరతాను."

"గొంతు అలా ఉందేంటి?"

"ఎలా ఉంది?"

"పొద్దున కన్నా మెత్తగా ఉంది."

"మెత్తగానే ఉందే నాక్కూడా" అన్నాడు. "లోపల అంతా. నెత్తిన పెట్టిన బస్తా దింపినట్టుంది. కాసేపు కూర్చుంటాను, కాయితం రావాలి."

"పక్క జేబులో మాత్ర ఉంది, వేసుకోండి."

"వేసుకుంటాలే. వంకాయ కూర చెయ్యి."

ఫోను పెట్టేశాక కూడా అచ్చాయమ్మ చాలాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. తర్వాత లేచి వంకాయలు తీసింది.

నకలు మీద ముద్ర పడేసరికి అయిదుంబావు అయింది. అటెండరు తలుపు దగ్గర నిలబడి, "లాకులపేట సత్తిరాజు గారెవరండీ?" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. వరండా దాదాపు ఖాళీ అయింది. బెంచీ చివర గోడకు తల ఆనించి, ఒళ్ళో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని ఒకాయన నిద్రపోతున్నాడు. అటెండరు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెంటనే తీసి, లోపలికి పరిగెత్తాడు.

హారతి, జగన్నాథరావు కలిసి అచ్చాయమ్మను కారులో రాజమండ్రి తీసుకువచ్చారు. దహనం అక్కడే, గోదావరి ఒడ్డునే జరిగింది. ముద్ర వేసిన కాయితం హారతి గాజుల వీధికి పట్టుకెళ్ళింది. చిన్నమ్మాయి దాన్ని ఆ పిల్ల చేత చదివించుకుని, ఇంకోసారి చదివించుకుని, దస్తావేజు పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

సంచి, ఫోను, కళ్ళజోడు అన్నీ జాగ్రత్తగా అప్పగించారు. కాళ్ళకు ఏముందో ఎవరికీ తోచలేదు. మర్నాడు పొద్దున ఊడవడానికి వచ్చిన ఆవిడకు ఆఫీసరు గది గుమ్మం పక్కన ఒక జత తోలు చెప్పులు కనపడ్డాయి. మడమల దగ్గర రెండూ ఒకేలా అరిగి ఉన్నాయి. ఎవరో వస్తారని ఆవిడ వాటిని గోడవారకు జరిపి, చుట్టూ ఊడ్చి వెళ్ళింది. రెండు వేల ఇరవై అయిదు జూలై పదిహేడు, గురువారం, తొమ్మిదిన్నర బస్సుకు లాకులపేట నుంచి బయల్దేరిన సత్తిరాజు తిరిగి రాలేదు.